గబ్బిలాల చెట్టు కొట్టేస్తే నిపా రాకుండా పోతుందా?

చెరువుగట్టు రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. కేరళలో నిపా కేసు బయటపడిందన్న వార్త వచ్చినప్పుడల్లా మా ఊళ్ళో ఒకే మాట మొదలవుతుంది. ఊరి బయట మర్రిచెట్టుకు వేలాడే పెద్ద గబ్బిలాలను తరిమేయాలని, కుదరకపోతే చెట్టునే కొట్టించాలని అంటారు. ఈసారి అది పంచాయతీలో తీర్మానం పెట్టేదాకా వచ్చింది. నేను రాస్తున్న నాటికి తెలుగు రాష్ట్రాల్లో మనుషులెవరికీ నిపా సోకినట్టు నిర్ధారణ కాలేదు. అయినా సోకినవారిలో సగానికి పైగా చనిపోయే జబ్బు గురించి జనం భయపడుతుంటే, అది ఉత్త భయమని తోసిపుచ్చడం నాకు చేతకాలేదు. నేను తెలుసుకోవాలనుకుంటున్నవి రెండు సంగతులు. గబ్బిలంలో ఉన్న వైరస్ మనిషిలోకి ఏ దారిన వచ్చింది? ఆ దారి మన ఊళ్ళలో కూడా ఉందా?

పాతపశువైద్యుడు రాశారు:

చెట్టు సంగతి తరువాత చూద్దాం. మీరు అడిగిన దారి ఎలా ఉంటుందో తెలియాలంటే ముందు మలేషియా వెళ్ళాలి, ఎందుకంటే ఈ వైరస్ మొదట కంటపడింది అక్కడే.

1998 సెప్టెంబరులో పెరాక్ రాష్ట్రంలో ఇపో పట్టణం చుట్టుపక్కల పందులను పెంచేవారికి తీవ్రమైన జ్వరం, తలనొప్పి, ఆపైన స్పృహ తప్పడం మొదలైంది. 1999 మే నాటికి మలేషియాలో 265 మంది మెదడువాపు బారిన పడ్డారు, వారిలో 105 మంది చనిపోయారు. అక్కడి పందులను కోసిన సింగపూర్ కబేళా కార్మికుల్లో మరో 11 మందికి సోకగా ఒకరు మరణించారు. చివరికి సైన్యాన్ని దించి పది లక్షలకు పైగా పందులను చంపి పాతిపెడితే గానీ వ్యాధి ఆగలేదు.

మొదట జబ్బు పుట్టిన ఫారం ఎలా ఉండేదో చూస్తే సగం విషయం అర్థమవుతుంది. అందులో 30 వేలకు పైగా పందులుండేవి. అదనపు రాబడి కోసం యజమానులు దొడ్ల పక్కనే మామిడి చెట్లు పెంచారు, కాయ బరువుకు కొమ్మలు దొడ్ల మీదికి వంగేవి. పండ్లు తినే గబ్బిలం పండును కొరికి, రసం పీల్చుకుని, పిప్పిని ఉమ్మేస్తుంది. సగం తిన్న పండు కింద పడితే పంది దాన్ని వదలదు. పంది ఊపిరితిత్తుల్లో ఈ వైరస్ బాగా పెరుగుతుంది, దాంతో పందులకు దూరం నుంచే వినపడేంత గట్టి దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు తుంపరలు పందులను కడిగేవాళ్ళ మీద, మందు పోసేవాళ్ళ మీద, లారీలకు ఎక్కించేవాళ్ళ మీద పడ్డాయి. అంటే మలేషియాలో మనుషులకు జబ్బు అంటించింది పంది. గబ్బిలం దాని ముఖం కూడా చూడని మనిషి చావుకు కారణమైంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇండోనేషియాలో 1997లో అడవులు తగలబడి, ఆ పొగకు తిండి దొరక్క గబ్బిలాలు ఫారాలకు వచ్చాయన్న కథ చాలా చోట్ల చదువుతాం. కానీ తరువాతి పరిశోధనల్లో ఆ ఫారంలో వైరస్ ఆ మంటలకు ముందే ప్రవేశించినట్టు తేలింది. ఒకే చోట పండ్ల తోట, వేల పందుల మంద రెండూ ఉండటమే అసలు కారణమని నేను నమ్ముతాను. పొగ కథ వినడానికి బాగుంటుంది కానీ దానివల్ల తప్పు ఫారం మీద నుంచి జారి ఆకాశం మీదికి పోతుంది.

తెల్లకోటు రాశారు:

పాతపశువైద్యుడు గారు చెప్పనిది ఒకటి ఉంది. ఆ జబ్బు నిపా అని తెలియడానికి దాదాపు ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలలూ ప్రభుత్వం జపనీస్ మెదడువాపుతో యుద్ధం చేసింది. ఆ అనుమానంలో తప్పేమీ లేదు. జపనీస్ మెదడువాపు కూడా పందుల్లో పెరుగుతుంది, దోమ ద్వారా మనిషికి వస్తుంది, మలేషియాలో అది ముందు నుంచే ఉంది, కొందరు రోగుల రక్తంలో దాని యాంటీబాడీలు కూడా కనిపించాయి. అందుకని పొగ కొట్టారు, టీకాలు వేశారు.

అయితే రోగుల జాబితా వేరే మాట చెబుతోంది. జపనీస్ మెదడువాపు ఎక్కువగా పిల్లలకు వస్తుంది, ఇక్కడ పడిపోతున్నది పందులతో పనిచేసే మగవాళ్ళు. టీకా వేయించుకున్నవాళ్ళకూ జబ్బు వచ్చింది. అవే దోమలు కుట్టిన ఇరుగుపొరుగువాళ్ళకు రాలేదు. అన్నిటికీ మించి పందులు కూడా దగ్గి చస్తున్నాయి, జపనీస్ మెదడువాపులో అలా జరగదు. 1999 మార్చిలో మలయా విశ్వవిద్యాలయంలో చువా కా బింగ్ ఒక రోగి వెన్నుపాము ద్రవం నుంచి వైరస్‌ను పెంచినప్పుడు, సూక్ష్మదర్శిని కింద కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి ముద్దలు కట్టడం కనిపించింది. దోమలు మోసే ఆ వైరస్ అలా చేయదు. ఆయన నమూనాలు తీసుకుని అమెరికాకు వెళ్ళారు, అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ప్రయోగశాలల్లో అది ఆస్ట్రేలియాలో 1994లో గుర్రాల నుంచి మనుషులకు వచ్చిన హెండ్రా వైరస్‌కు దగ్గరి చుట్టమని తేలింది. రోగి ఊరు సుంగై నిపా కావడంతో ఆ పేరే పెట్టారు.

ఈ ఆలస్యానికి ఖరీదు ఉంది. పెరాక్‌లో భయపడ్డ రైతులు పందులను అయినకాడికి అమ్మేశారు. అవి లారీలెక్కి దక్షిణాన నెగెరి సెంబిలాన్ రాష్ట్రానికి చేరాయి, ఎక్కువ చావులు అక్కడే జరిగాయి. కొత్త వైరస్ వచ్చినప్పుడు పాత జబ్బు పేరు పెట్టేసుకుని నిశ్చింతగా ఉండటం ఎంత ప్రమాదమో వైద్య విద్యార్థులకు ఈ ఒక్క కథతో చెప్పవచ్చు.

గల్ఫ్_కరీంనగర్ రాశారు:

చాలా విషయాలు తెలిశాయి, ధన్యవాదాలు. 2018లో కోజికోడ్‌లో నిపా వచ్చినప్పుడు నేను దుబాయ్‌లో సూపర్‌మార్కెట్‌లో పనిచేసేవాణ్ణి. యూఏఈ, బహ్రెయిన్ ప్రభుత్వాలు కేరళ పండ్లు, కూరగాయల దిగుమతిని ఆపేశాయి. మలయాళీ కస్టమర్లు అరటిపళ్ళ కోసం వచ్చి ఖాళీ అరలు చూసి వెళ్ళేవారు. ఇక వాట్సాప్‌లో అయితే మామిడిపండు తింటే చచ్చిపోతారన్నంతగా ప్రచారం నడిచింది. ఇంతకీ కేరళలో మొదటి రోగికి పండు వల్లనే వచ్చిందా?

తెల్లకోటు రాశారు:

రుజువు కాలేదు. కోజికోడ్ జిల్లా పేరాంబ్రా దగ్గర మొదటి రోగి ఇంటి బావిలో గబ్బిలాలుంటే ముందు వాటినే పట్టి పరీక్షించారు. అవి పురుగులు తినే రకం, వాటిలో వైరస్ దొరకలేదు. దాంతో గబ్బిలాలకు సంబంధమే లేదని కొందరు ప్రకటించేశారు. ఆ తరువాత అదే ప్రాంతంలో పండ్లు తినే పెద్ద గబ్బిలాలను పట్టి చూస్తే కొన్నిటిలో నిపా కనిపించింది, రోగుల్లోని వైరస్‌తో అది బాగా సరిపోలింది. అయినా గబ్బిలం నుంచి ఆ యువకుడికి ఏ క్షణంలో, ఏ వస్తువు ద్వారా చేరిందో ఎవరూ చూడలేదు, ఆయన చెప్పే స్థితిలో లేరు. పక్షో గబ్బిలమో కొరికిన పండును పారేయండి, మంచి పండును కడిగి తొక్క తీసి తినండి. అంతకుమించి మామిడిపండును అనుమానించాల్సిన పని లేదు.

వార్డుసిస్టర్ రాశారు:

ఇప్పటిదాకా పంది, పండు, గబ్బిలం మాట్లాడారు. ఆస్పత్రిలో పనిచేసేవాళ్ళకు కనిపించే నిపా వేరుగా ఉంటుంది, అది కూడా ఈ చర్చలో ఉండాలి.

2001 జనవరి, ఫిబ్రవరి నెలల్లో పశ్చిమబెంగాల్‌లోని సిలిగురిలో 66 మందికి గుర్తుతెలియని మెదడువాపు వచ్చి 45 మంది చనిపోయారు. వారిలో నలుగురిలో ముగ్గురికి జబ్బు అంటింది ఆస్పత్రుల్లోనే. సిబ్బంది, రోగిని చూడటానికి వచ్చినవాళ్ళు, పక్క మంచం రోగులు ఆ జాబితాలో ఉన్నారు. అది నిపా అని నిర్ధారించింది 2006లో, దాచిపెట్టిన నమూనాలను మళ్ళీ పరీక్షించి. మలేషియాలో మనిషి నుంచి మనిషికి పెద్దగా పాకలేదు కాబట్టి, సిలిగురి డాక్టర్లకు అప్పటికి నిపా గురించి తెలిసి ఉన్నా అనుమానించి ఉండేవారు కాదేమో.

కోజికోడ్‌లో కూడా అంతే. గబ్బిలం నుంచి నేరుగా సోకిందనుకుంటున్నది ఒక్కరికే. మిగతా అందరూ ఆయనున్న వార్డులో, ఎక్స్‌రే, స్కానింగ్ గదుల బయట వరండాలో, లేదా ఆయన నుంచి అంటినవారి దగ్గర ఉండి తెచ్చుకున్నవారు. 17 మంది చనిపోయారని అధికారిక లెక్క. పేరాంబ్రా తాలూకా ఆస్పత్రిలో ఆయనకు సేవ చేసిన నర్సు లినీ మే 21న చనిపోయారు. విపరీతంగా దగ్గుతున్న రోగి నోరు తుడవడం, వాంతి పట్టడం, తల పైకెత్తి నీళ్ళు తాగించడం మా ఉద్యోగంలో రోజూ ఉండే పనులు. మన ఆస్పత్రుల్లో ఈ పనుల్లో సగం రోగి బంధువులే చేస్తారు, వాళ్ళకు గ్లవ్స్ ఇవ్వాలని ఎవరికీ తోచదు. నిపా వైరస్‌కు అంత దగ్గరితనం కావాలి, మన వార్డులో అది ఎప్పుడూ దొరుకుతుంది.

బంగ్లాదేశ్‌లో 2001 నుంచి 2014 వరకు నమోదైన 248 కేసులను పరిశీలిస్తే మూడో వంతు మందికి మనిషి నుంచే సోకిందని తేలింది. ఒక్కో రోగి సగటున ఒకరికి కూడా అంటించలేదు, అందుకే అది అక్కడికక్కడ ఆరిపోతూ వచ్చింది. కానీ సగటు మాట నమ్మి కూర్చోకూడదు. నూటికి తొంభై మంది ఎవరికీ అంటించరు, ఎవరో కొద్దిమందే ఎక్కువమందికి అంటిస్తారు. మీ వార్డుకు వచ్చిన రోగి ఆ కొద్దిమందిలో ఒకరా కాదా అన్నది ముందుగా తెలియదు.

ఓరుగల్లు_శ్రీ రాశారు:

మన దగ్గర 2003లో కరీంనగర్, వరంగల్ వైపు పిల్లలు మెదడువాపుతో పిట్టల్లా రాలిపోయారు కదా, దాన్ని మరచిపోయి మలేషియా గురించి ఎందుకు?

తెల్లకోటు రాశారు:

మరచిపోలేదండి. అది చండీపురా వైరస్, 329 మంది పిల్లలకు వస్తే 183 మంది పోయారు. అది మట్టి గోడల పగుళ్ళలో ఉండే శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ కుట్టడం వల్ల వస్తుంది. దాని దారి వేరు, నివారణ వేరు. విడిగా చర్చ పెడితే తప్పకుండా రాస్తాను.

ఢాకాతిరిగినవాడు రాశారు:

ప్రజారోగ్య ఉద్యోగంలో కొంతకాలం బంగ్లాదేశ్‌లో ఉన్నాను. చెరువుగట్టు గారి రెండో ప్రశ్నకు, అంటే దారి మన ఊళ్ళలో ఉందా అన్నదానికి, దగ్గరి జవాబు అక్కడ దొరుకుతుంది. అక్కడ పందులు తక్కువ. అయినా 2001 నుంచి దాదాపు ప్రతి చలికాలం నిపా వస్తుంది, ఎక్కువగా డిసెంబరు నుంచి ఏప్రిల్ లోపల. ఆ నెలల్లోనే ఖర్జూర రసం దించుతారు. ఆ చెట్టు అరబ్బు దేశాల ఖర్జూరం కాదు, మన ఈత చెట్టే.

సాయంత్రం చెట్టు మొవ్వు దగ్గర బెరడు చెక్కి, వెదురు పుల్ల గుచ్చి, దాని కింద కుండ కడతారు. రాత్రంతా రసం ఆ చెక్కిన చోటు నుంచి కారి పుల్ల మీదుగా కుండలో పడుతుంది. తెల్లవారుజామున దించి, చలిలో ఇంటిల్లిపాదీ పచ్చిగానే తాగుతారు. పరిశోధకులు చెట్లకు చీకట్లో పనిచేసే కెమెరాలు కట్టి చూస్తే గబ్బిలాలు వచ్చి, రసం కారే చోట నాలుకతో నాకడం, అక్కడే మూత్రం పోయడం రికార్డయింది. గబ్బిలం లాలాజలంలోనూ మూత్రంలోనూ వైరస్ ఉండవచ్చు. తియ్యటి రసంలో అది రోజుల తరబడి బతుకుతుంది. ఇక్కడ పంది లాంటి మధ్యవర్తి అక్కరలేదు, గబ్బిలం నోటి నుంచి మనిషి నోటికి కుండ ఒక్కటే అడ్డం.

రసం కాచి బెల్లం చేస్తే భయం లేదు, వేడికి వైరస్ చచ్చిపోతుంది.

ఈతవనం రాశారు:

గౌడ కుటుంబంలో పుట్టినవాణ్ణి, మా నాన్న ఇప్పటికీ చెట్టు ఎక్కుతారు. ఇలాంటి చర్చలు చివరికి ఎక్కడికి చేరతాయో నాకు తెలుసు. రేపు ఎవరో దీన్ని కోసి, "కల్లు తాగితే నిపా" అని వాట్సాప్‌లో పెడతారు, గీత కార్మికుడి పొట్ట కొడతారు. మోకు జారి పడి చచ్చేవాళ్ళ గురించి ఇంత చర్చ ఎప్పుడూ చూడలేదు. తెలంగాణలో తరతరాలుగా ఈత కల్లు తాగుతున్నారు, నిపా రాలేదని పైన మీరే రాశారు. పైగా కల్లు పులుస్తుంది. పులిసినదాంట్లో వైరస్ ఎలా బతుకుతుంది?

ఢాకాతిరిగినవాడు రాశారు:

మీ కోపం న్యాయమైనది. ఆ ఫార్వర్డు వస్తే అది అబద్ధమని చెప్పేవాళ్ళలో నేనూ ఉంటాను. ఇక్కడ ఇంతవరకూ కేసు రాలేదన్నది నిజం, కల్లు వ్యాపారాన్ని తప్పుపట్టడానికి ఆధారమేదీ లేదన్నదీ నిజం.

పులియడం గురించి మాత్రం మీ మాట ఒప్పుకోలేను. బంగ్లాదేశ్‌లో 2011 నుంచి 2014 మధ్య పచ్చి రసం కాక, పులిసిన తాడి (అక్కడి కల్లు) తాగినవాళ్ళలో కూడా నిపా కేసులు వచ్చాయి. కల్లులో ఉండే ఆల్కహాలు చాలా తక్కువ, అది ఈ వైరస్‌ను చంపుతుందని భరోసా పెట్టుకోలేం. అలాగే పొద్దున్నే దించే తాజా నీరాను ఇప్పుడు ఆరోగ్య పానీయంగా హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డు మీద కూడా అమ్ముతున్నారు. దాన్ని మానమని నేను అనను. లొట్టికి (కల్లు కుండకు), గీసిన చోటికి కప్పు ఉందా అని అడగమంటాను.

చెరువుగట్టు రాశారు:

ఈ సమాధానాలతో చాలా స్పష్టత వచ్చింది. అయితే మా పంచాయతీలో వాదన ఇలా ఉంటుంది: "గబ్బిలమే లేకపోతే కప్పు ఎందుకు?" దీనికి ఏం చెప్పాలి?

పాతపశువైద్యుడు రాశారు:

ఉగాండా కథ చెప్పండి. కిటాకా గనిలో 2007లో కొందరు గని కార్మికులకు మార్‌బర్గ్ వైరస్ సోకింది. అది కూడా గబ్బిలాల నుంచి వచ్చేదే, ఎబోలాకు చుట్టం. గనివాళ్ళు ఆ తరువాత గుహలోని గబ్బిలాలన్నిటినీ చంపారు. కొన్నేళ్ళకు ఖాళీ అయిన గుహలోకి కొత్త గబ్బిలాలు వచ్చి చేరాయి. 2012లో పరీక్షిస్తే వాటిలో వైరస్ ఉన్నవి మునుపటికంటే రెట్టింపుకు పైగా ఉన్నాయి. అదే ఏడాది ఆ ప్రాంతంలో మళ్ళీ మార్‌బర్గ్ వచ్చింది. ఒక గూడులోని గబ్బిలాల్లో చాలావాటికి అప్పటికే ఆ వైరస్ వచ్చిపోయి ఉంటుంది, వాటికి రోగనిరోధక శక్తి ఉంటుంది. వాటిని చంపేస్తే ఆ చోటికి రోగనిరోధక శక్తి లేని పిల్ల గబ్బిలాలు వస్తాయి, వాటిలో వైరస్ మళ్ళీ చెలరేగుతుంది.

తరిమేయడం కూడా అంత మంచిది కాదు. ఆస్ట్రేలియాలో హెండ్రా మీద ఏళ్ళ తరబడి సాగిన పరిశోధనలో, అడవిలో పూత లేక ఆకలితో ఉన్న గబ్బిలాలు చిన్న చిన్న గుంపులుగా విడిపోయి ఊళ్ళ దగ్గరికి, గుర్రాల మేత స్థలాల దగ్గరికి వచ్చిన కాలంలోనే జబ్బు గుర్రాలకు దాటుతోందని తేలింది. శీతాకాలంలో అడవి బాగా పూసిన ఏడాది అవి అడవికి వెళ్ళిపోయాయి, కేసులు లేవు. అంటే గబ్బిలాన్ని గూటి నుంచి, తిండి నుంచి తరిమితే అది మన పెరట్లోకే వస్తుంది, అప్పుడు దాని ఒంట్లోంచి వైరస్ కూడా ఎక్కువ బయటికి వస్తుంది. మీ మర్రిచెట్టు ఊరి బయట ఉంది, అది అక్కడ ఉండటమే మీకు మేలు. చెట్టు కింద పశువులను కట్టేయకండి, పిల్లలను ఆడనివ్వకండి, కింద రాలిన సగం పండ్లను పందులకు, మేకలకు వేయకండి. చాలు.

చట్టం సంగతి కూడా చెబుతాను. 1972 వన్యప్రాణి చట్టంలో పండ్ల గబ్బిలం హానికర జీవుల జాబితాలో ఉండేది, ఎవరైనా చంపడానికి వీలుండేది. 2022 సవరణతో ఆ జాబితాయే పోయింది. పంచాయతీ తీర్మానం రాసేముందు అటవీ శాఖవారిని ఒకసారి అడగమనండి.

గల్ఫ్_కరీంనగర్ రాశారు:

మందు గానీ టీకా గానీ ఉందా?

తెల్లకోటు రాశారు:

మనుషులకు ఆమోదం పొందిన టీకా ఇంకా లేదు. గుర్రాలకు హెండ్రా టీకా 2012లోనే వచ్చింది, ఆస్ట్రేలియాలో వేస్తున్నారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2024 జనవరిలో నిపా టీకాను మనుషులపై పరీక్షించడం మొదలుపెట్టింది. మందుల్లో రిబావిరిన్ వాడుతున్నారు కానీ దాని ఫలితం మీద గట్టి నమ్మకం లేదు. 2018లో కేరళకు ఆస్ట్రేలియా నుంచి ఒక యాంటీబాడీ మందు తెప్పించారు, అది వచ్చేసరికే ఉధృతి తగ్గిపోయింది. ప్రస్తుతానికి రోగికి ఊపిరి ఆడేలా, మెదడు వాపు తగ్గేలా చూసుకోవడమే వైద్యం. బతికి బయటపడ్డవారిలో కొందరికి నెలల తరువాత, ఏళ్ళ తరువాత కూడా మెదడువాపు తిరగబెట్టడం మలేషియాలో చూశారు. అందుకే రోగాన్ని నయం చేయడం కంటే కుండను కాపాడటం సులభమని నా అభిప్రాయం.

ఈతవనం రాశారు:

సరే, కప్పు గురించి అడుగుతున్నాను. నాన్న లొట్టి మూతికి తాటాకు మడిచి కడతారు, ఉడుతలు, ఈగలు పడకుండా. అది సరిపోతుందా?

ఢాకాతిరిగినవాడు రాశారు:

సరిపోదండి. లొట్టి మూతి మూసినా గీసిన చోటు తెరిచే ఉంటుంది, గబ్బిలం అక్కడే వాలి నాకుతుంది, అక్కడి నుంచి కారినదే లొట్టిలోకి వస్తుంది. బంగ్లాదేశ్‌లో బానా అని ఒకటి కడతారు. సన్నటి వెదురు బద్దలనో, జనుము పుల్లలనో తాడుతో చాపలా అల్లి, గీసిన చోటు పైనుంచి మొదలుపెట్టి పుల్ల, కుండ మూతి కలిసి కప్పబడేలా చెట్టుకు చుట్టి కడతారు. పాలిథిన్ షీటుతో చేసినవి కూడా ఉన్నాయి. కెమెరాలు పెట్టి చూస్తే బానా కట్టిన చెట్ల దగ్గర గబ్బిలాలు వచ్చినా రసాన్ని చాలావరకు ముట్టుకోలేకపోయాయి. వల అయితే కన్ను చిన్నదిగా ఉండాలి, గీసిన చోటుకు ఆనకుండా ఎడంగా నిలబడాలి, లేకపోతే వల సందులోంచే నాలుక పెడుతుంది. వలలో మూత్రం ఆగదు కాబట్టి నేనైతే అల్లిన చాపే మేలంటాను.

ఈతవనం రాశారు:

జనుము పుల్లలు మా దగ్గర దొరకవు, ఈత మట్టలే ఉన్నాయి. మట్టలను చీల్చి అల్లితే వానకు ఉబ్బి సందులు మూసుకుంటాయి కానీ ఎండకు మళ్ళీ విచ్చుకుంటాయి. రెండు పొరలు వేసి చూస్తాను. ఒక్కో చెట్టుకు కట్టి విప్పడానికి ఎంత సమయం పడుతుందో నాన్ననే అడగాలి, రోజుకు అన్ని చెట్లు ఎక్కే మనిషికి అదే అసలు లెక్క.